నీలం బటన్ దగ్గరికి మళ్లీ ఎందుకొస్తారు: ఒక ప్రయోగం డైరీ

జనవరి రెండో వారం

మా నాన్న నాలుగు నెలలు సిగరెట్ ముట్టలేదు. స్టెంట్ వేశాక హైదరాబాద్‌లో అక్క వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ ఆ ఊసే ఎత్తలేదు, పొద్దున్నే పేపరు, సాయంత్రం పిల్లలతో పార్కు, అంతే. మానేశారనే అందరం అనుకున్నాం, ఆయనా అనుకున్నారు. నరసరావుపేటలో బస్సు దిగి, ఎప్పుడూ తాగే బంకు దగ్గర టీ చెప్పి, గ్లాసు చేతికొచ్చేలోపే వెలిగించారట. "నేను అడగను కూడా లేదమ్మా, నన్ను చూడగానే వాడు తీసిచ్చాడు, నా చెయ్యి అందుకుంది" అని ఫోన్లో చెప్తుంటే ఆ గొంతులో సిగ్గు ఇక్కడ అమెరికాలో కూర్చున్న నాకు కూడా తెలిసిపోయింది. చుట్టాలేమో గుండె నిబ్బరం లేని మనిషని తేల్చేశారు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చూపించే ప్రయోగమే ఇప్పుడు ఇక్కడి సైకాలజీ ల్యాబులో నా చేతిలో ఉంది, అందుకే ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

బీఈడీకో డీఎస్సీకో సైకాలజీ చదివినవాళ్లకు 'విరమణ' అనే మాట గుర్తుండే ఉంటుంది. శబ్దం తర్వాత ఆహారం వస్తుందని అలవాటైన కుక్కకి, శబ్దం మాత్రమే వినిపించి ఆహారం పెట్టడం మానేస్తే, లాలాజలం ఊరడం తగ్గిపోతుంది, అది విరమణ. కొంత విరామం ఇచ్చి మళ్లీ అదే శబ్దం వినిపిస్తే, తగ్గిన లాలాజలం కొంత తిరిగొస్తుంది. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ చూసిన సంగతే, మన పుస్తకాల్లో దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. ఒక బిట్టుగా బట్టీ పట్టి వదిలేస్తాం గానీ అందులో ఉన్న విషయం చాలా పెద్దది: ఆగిన అలవాటు చెరిగిపోలేదు, లోపలే ఉంది.

తిరిగి రావడానికి దారులు కూడా ఒకటి కాదు. వేరే చోట ఆగిపోయినది పాత చోటుకి రాగానే వస్తే దాన్ని రెన్యూవల్ అంటారు, నాన్నది అదే. మానేశాక ఊరికే ఒక్కసారి రుచి చూపిస్తే వచ్చేది రీఇన్‌స్టేట్‌మెంట్. పాత అలవాటు బదులు కొత్తది నేర్పి, కొన్నాళ్లకి ఆ కొత్తదానికి కూడా ఫలితం ఆగిపోయినప్పుడు పాతది లేచి వస్తే రిసర్జెన్స్. ఈ పేరు 1980ల్లో రాబర్ట్ ఎప్‌స్టీన్ పావురాల మీద చేసిన పనితో స్థిరపడింది. వెర్మాంట్ యూనివర్సిటీలో మార్క్ బౌటన్ ఏళ్ల తరబడి ఎలుకలతో చూపించిందేమిటంటే, విరమణలో జరిగేది మరపు కాదు, 'ఇక్కడ ఇక ఫలితం రాదు' అనే రెండో పాఠం. ఆ రెండో పాఠం నేర్చుకున్న చోటునే అంటిపెట్టుకుని ఉంటుంది, మొదటి పాఠం మాత్రం ఎక్కడికైనా వెంట వస్తుంది. నాన్న విషయంలో రెండో పాఠం అక్క ఇంట్లో ఉండిపోయింది.

మనుషులతో, అదీ ఎవరింట్లో వాళ్లు కూర్చుని కంప్యూటర్ ముందు ఉండగా, ఇది చూడొచ్చా? 2020లో రాబిన్సన్, కెల్లీ, తర్వాత 2021లో రిచీ, పొడ్లెస్నిక్ వాళ్ల బృందం, అమెజాన్ మెకానికల్ టర్క్‌లో (చిన్న చిన్న పనులు ఇంటి నుంచే చేసి డబ్బు తీసుకునే ఆన్‌లైన్ వేదిక) పనిచేసేవాళ్లతో చేసి, చూడొచ్చనే చెప్పారు. నేను ముందు ఆ దారిలో నడిచి, అదే ఫలితం నా చేతుల మీదుగా వస్తుందో లేదో చూసుకుని, ఆ తర్వాత నా సొంత ప్రశ్నకి వెళ్లాలని ప్లాన్.

జనవరి చివర

స్క్రీన్ మీద మూడు బటన్లు. నీలం, పసుపు, బూడిద రంగు. మొదటి దశ 5 నిమిషాలు, నీలం నొక్కితే పాయింట్లు వస్తాయి. రెండో దశ ఇంకో 5 నిమిషాలు, నీలానికి ఆగిపోతాయి, పసుపుకి మొదలవుతాయి. మూడో దశ 3 నిమిషాలు, దేనికీ రావు. ఆ మూడు నిమిషాల్లో నీలం మీద నొక్కులు మళ్లీ లేస్తే అది రిసర్జెన్స్. బూడిద రంగుది మొదటి నుంచీ చివరిదాకా ఏమీ ఇవ్వని బటన్. దాన్ని ఎందుకు పెట్టానో తర్వాత చెప్తాను.

ప్రతి నొక్కుకీ పాయింటు రాదు. సగటున 3 సెకన్లకి ఒకసారి 'సిద్ధం' అవుతుంది, సిద్ధమయ్యాక వచ్చే మొదటి నొక్కుకి ఇస్తుంది. ఈ ఎడాలు ఎలా పేర్చాలో ఫ్లెష్లర్, హాఫ్‌మన్ 1962లోనే ఒక సూత్రం రాసిపెట్టారు, ఇప్పటికీ అందరం దాన్నే వాడతాం. దీనివల్ల మనిషి ఒక మోస్తరు వేగంతో నొక్కుతూనే ఉంటాడు, పైగా పాయింట్లు ఆగిన వెంటనే ఆగాయని తెలియదు. ప్రతిసారీ వచ్చేది ఆగితే రెండో నొక్కుకే తెలిసిపోతుంది కదా. అప్పుడప్పుడూ మాత్రమే ఫలితం దొరికిన అలవాటు ఎక్కువ కాలం మొండికేస్తుందని 1939లో హంఫ్రీస్ చూపించిన దగ్గర్నుంచీ తెలిసిన సంగతే.

కోడ్ జావాస్క్రిప్ట్‌లో, బ్రౌజర్‌లో ప్రయోగాలు చేయడానికి వాడే జేఎస్‌సైక్ అనే లైబ్రరీ మీద రాశాను. రెండు రోజుల్లో ఆడింది. మూడో రోజు ల్యాబులో ఒక జూనియర్‌ని కూర్చోబెట్టి చూస్తే సెకనుకి 30 నొక్కులు. వేలు ఎక్కడా కదలట్లేదు! పక్కకెళ్లి చూస్తే ఎంటర్ కీ నొక్కి పట్టుకుని ఉన్నాడు. ఒక బటన్‌ని మౌస్‌తో ఒకసారి నొక్కాక బ్రౌజర్ దృష్టి దాని మీదే ఉంటుంది, అప్పుడు ఎంటర్ పట్టుకుంటే కీబోర్డు దానంతట అదే కొడుతూ పోతుంది, బ్రౌజర్ వాటన్నిటినీ క్లిక్కులుగా లెక్కేస్తుంది. అతను మోసం చేయలేదు, తేలికైన దారి కనిపెట్టాడు, ఎవరైనా అదే చేస్తారు. కీబోర్డు నుంచి వచ్చిన క్లిక్కుకి బ్రౌజర్ ఇచ్చే సమాచారంలో 'డీటెయిల్' అనే విలువ సున్నా ఉంటుంది, అలాంటివన్నీ లెక్కలోకి రాకుండా తీసేశాను. ఇదే నేను చూడకుండా జనంలోకి వదిలి ఉంటే, అలవాటు మొండిగా ఉందని రాసుకునేదాన్నేమో. నిజానికి అక్కడ మొండిగా ఉన్నది కీబోర్డు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం

అమ్మకి లింక్ పంపాను. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున పది. ఇడ్లీలు అయ్యాక కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది, నేను ఫోన్లో వింటున్నాను. మొదటి దశ హాయిగా సాగింది, "వస్తున్నాయే, ఎనభై అయినయ్" అని చెప్తూ ఉంది. రెండో దశలో పసుపుకి మారడానికి నిమిషం పట్టింది. మూడో దశ మొదలైన కాసేపటికి మాట ఆగిపోయింది. ఫోన్లో టకటకా గాజు మీద గోరు కొట్టుకుంటున్న చప్పుడు మాత్రమే వినిపిస్తోంది, ముందుకంటే రెట్టింపు వేగంతో. ఫలితం ఆగిన కొత్తలో అలవాటు ఒక్కసారిగా ఎగసిపడడాన్నే ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటాం. ఎన్నో గ్రాఫుల్లో చూశాను గానీ మా అమ్మ గోటి చప్పుడులో వినడం ఇదే మొదటిసారి.

తర్వాత "ఏమే, నీ ఆట పాడైంది, ఏది నొక్కినా రావట్లేదు" అంది. "పర్లేదు, నీకు తోచింది చెయ్యమ్మా" అన్నాను. వెంటనే పేజీని కిందకి లాగి రిఫ్రెష్ చేసింది. అంతే, మొదటి దశ మళ్లీ మొదలైంది, నీలం మళ్లీ పాయింట్లు ఇస్తోంది. "చూశావా, నేనే బాగుచేశాను" అంది ఎంతో సంతోషంగా.

ప్రవర్తన మీద పరిశోధన చేసిన అమెరికా సైకాలజిస్టు స్కిన్నర్‌కి మొదటి విరమణ గ్రాఫు దొరికింది కూడా యంత్రం పాడవడం వల్లే. ఎలుక మీట నొక్కుతుంటే ఆహారపు గుళికలు ఇచ్చే పరికరం ఎక్కడో ఇరుక్కుపోయింది, ఆయన వచ్చి చూసేసరికి కాగితం మీద అందమైన వంపు గీసి ఉంది. శుక్రవారం సాయంత్రం, చెప్పుకోవడానికి ల్యాబులో ఎవరూ లేరు, ఆ శనాదివారాలు తనకేదైనా అయితే ఈ సంగతి తనతోనే పోతుందని రోడ్డు దాటేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ ఎలుక దగ్గర రిఫ్రెష్ లేదు. నా దగ్గరికొచ్చేవాళ్లందరి దగ్గరా ఉంది. రెండు రోజులు కూర్చుని, ఎవరు ఏ దశలో ఎన్నో సెకనులో ఉన్నారో సర్వర్‌లో రాసిపెట్టేలా మార్చాను, ఇప్పుడు రిఫ్రెష్ చేసినా వదిలిన చోటి నుంచే మొదలవుతుంది, రిఫ్రెష్ చేసిన క్షణం కూడా నమోదవుతుంది. అది కూడా విలువైన డేటానే, పాయింట్లు ఆగితే మనిషి మొదట బాగుచేయడానికే చూస్తాడు.

ఫిబ్రవరి మూడో వారం

మనుషులతో చేసే ప్రయోగాలని ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. వాళ్లు అడిగినవాటిలో ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది: మూడో దశలో డబ్బు రాకపోతే మోసపోయామనుకోరా? అనుకుంటారు. అందుకే పాల్గొన్నందుకు ఇచ్చే డబ్బు ముందే ఖాయం, మధ్యలో వదిలేసినా ఇస్తాం, పాయింట్లకి వచ్చేది దాని మీద బోనస్. చివర్లో ఏం చేశామో, ఎందుకు చేశామో మొత్తం చెప్తాం.

మెకానికల్ టర్క్‌లో ఎవరి పనినైనా మనం తిరస్కరిస్తే వాళ్ల ఆమోదపు శాతం పడిపోతుంది, చాలా పనులకి 95 శాతం ఉండాలని షరతు ఉంటుంది కాబట్టి వాళ్లకి అది బతుకుతెరువు సమస్య. మొదటి బ్యాచ్‌లో ఒకరు మెసేజ్ పెట్టారు, చివర్లో పాయింట్లు రాలేదు, నేనేమైనా తప్పు చేశానా, దయచేసి రిజెక్ట్ చేయకండి అని. రాత్రి ఒంటిగంటకి చూసి వెంటనే జవాబు రాశాను. 1770లో వియన్నాలో చదరంగం ఆడే బొమ్మ ఒకటి చేశారు, లోపల మనిషి దాక్కుని ఎత్తులు వేసేవాడు, ఈ వేదిక పేరు ఆ బొమ్మదే. నా స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి వరస వెనకా అలా ఒక మనిషి ఉన్నారు. ఎవరినీ తిరస్కరించకూడదని ఆ రాత్రే రాసిపెట్టుకున్నాను. డేటా పనికిరాకపోతే లెక్కలోంచి తీసేస్తాం, డబ్బు మాత్రం ఇస్తాం.

ఖర్చు సంగతి కూడా ఒకటి రాయాలి, ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకి ఉపయోగం. ఒకే పనికి 10 మందీ అంతకంటే ఎక్కువ మందీ కావాలంటే అమెజాన్ 40 శాతం ఫీజు తీసుకుంటుంది, 9 మంది దాకా అయితే 20 శాతమే. అందుకని 9 మంది చొప్పున బ్యాచ్‌లు వేస్తున్నాను. కానీ అలా చేస్తే పాతవాళ్లే కొత్త బ్యాచ్‌లోకి మళ్లీ వస్తారు, పూర్తిచేసిన ప్రతివారికీ ఒక క్వాలిఫికేషన్ గుర్తు వేసి, ఆ గుర్తున్నవాళ్లకి పని కనిపించకుండా పెట్టుకోవాలి.

మార్చి మొదటి వారం

గ్రాఫులు గీశాను. మూడో దశలో నీలం లేచింది, చాలామందిలో. చూడగానే గుండె కొట్టుకుంది. సంబరంగా గైడ్‌కి పంపాను. ఆవిడ ఒక్క ముక్కే రాశారు: "బూడిద రంగు గీత కూడా వేసి పంపు."

వేశాను. నీలం ఎంత లేచిందో బూడిద రంగుదీ ఇంచుమించు అంతే లేచింది.

ఆ రోజంతా చెయ్యి ఆడలేదు. దీని అర్థం ఏమిటంటే, వాళ్లు పాత అలవాటుకి తిరిగి వెళ్లలేదు, ఏదీ పనిచేయట్లేదు కాబట్టి కనిపించినవన్నీ నొక్కి చూశారు. ఎన్నడూ పాయింటు ఇవ్వని బటన్‌ని కూడా అంతే నొక్కారంటే, నీలం మీద నొక్కుల్ని రిసర్జెన్స్ అనడానికి నాకు హక్కు లేదు. బూడిద బటన్ పెట్టకపోయి ఉంటే? ఎంతో నమ్మకంగా ఒక తప్పు విషయాన్ని ప్రపంచానికి చెప్పేదాన్ని. టీ బంకు దగ్గర నాన్న చెయ్యి ఎదురుగా ఉన్న బిస్కెట్ డబ్బా వైపు పోలేదు, చాక్లెట్ సీసా వైపు పోలేదు, సిగరెట్ వైపే పోయింది. నేను చూడాల్సింది ఆ తేడాని.

ఎందుకిలా అయిందో ఆలోచిస్తే కారణం తేలికే. నా ఆటలో నొక్కడం ఉచితం. ఉచితమైతే అన్నీ నొక్కుతారు. అందుకని ప్రతి నొక్కుకీ 1 పాయింటు పోయేలా, వచ్చినప్పుడు 50 వచ్చేలా మార్చాను. ఇంకొకటి, సూచనల్లో మొదట "కొన్నిసార్లు పాయింట్లు రాకపోవచ్చు, ప్రయత్నిస్తూ ఉండండి" అని రాశాను, మనుషులు గాభరా పడకూడదని. ఆ వాక్యమే వాళ్లని అన్నీ నొక్కమని పురమాయించింది. ఎలుకకి మనం ఏమీ చెప్పం, మనిషికి ఒక్క వాక్యం చెప్తే చాలు, ఎదురుగా జరుగుతున్నది వదిలేసి ఆ వాక్యాన్నే పట్టుకుంటాడు. తీసేశాను. ఇప్పుడు "వీలైనన్ని పాయింట్లు సంపాదించండి, ఒక్కో నొక్కుకి 1 పాయింటు ఖర్చు" అని మాత్రమే ఉంది.

మార్చి చివర

కొత్త బ్యాచ్. బూడిద దాదాపు నేలకి అంటుకుపోయింది. నీలం మూడో దశలో లేచింది, అందరిలో కాదు, ఎక్కువమందిలో. ఒకరి రికార్డు దగ్గరగా చూశాను: పసుపుకి ఆగాక 20 సెకన్లు పసుపునే గట్టిగా కొట్టారు, తర్వాత చిన్న విరామం, మౌస్ నీలం మీదికి వెళ్లి అక్కడే ఆగింది, ఒక్క నొక్కు, మళ్లీ విరామం, ఆ తర్వాత వరసగా పన్నెండు. ఆ ఒక్క నొక్కుకీ పన్నెండుకీ మధ్య ఉన్న ఖాళీని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో.

ఏమీ నొక్కనివాళ్ల సంగతి ఇంకో చిక్కు. మూడో దశలో కొందరికి అన్నీ సున్నా. విరమణ చక్కగా జరిగిందనుకోవచ్చు, కానీ వాళ్లు అసలు అక్కడ ఉన్నారా? పెట్టెలో ఎలుకకి వేరే దారి లేదు, వీళ్లకి పక్కన ఇంకో పది ట్యాబ్‌లు ఉన్నాయి. పేజీ కనిపిస్తోందా దాగిందా అని బ్రౌజర్ చెప్పే సంకేతాన్ని రికార్డు చేయడం మొదలుపెట్టాను, సున్నాల్లో చాలావరకు వేరే ట్యాబ్‌కి వెళ్లినవాళ్లే. అది విరమణ కాదు, లేచి వెళ్లిపోవడం, రెండింటినీ విడిగా లెక్కేయాలి. ఇదే వెతుకుతుంటే ఇంకో తప్పు బయటపడింది: వెనక్కి వెళ్లిన ట్యాబ్‌లో టైమర్లని క్రోమ్ నెమ్మది చేస్తుంది, నా 3 సెకన్ల ఎడాలన్నీ గాడి తప్పాయి. ఇప్పుడు టైమర్ మీద ఆధారపడకుండా, నొక్కిన క్షణంలో గడియారం చూసి సమయం దాటిందా లేదా అని లెక్కేస్తున్నాను.

ఏప్రిల్

ఇక నా ప్రశ్న, రెన్యూవల్. మొదటి దశ ఒక బ్యాక్‌గ్రౌండ్‌లో, విరమణ ఇంకో బ్యాక్‌గ్రౌండ్‌లో, పరీక్ష మళ్లీ మొదటిదాంట్లో. లేత నారింజ, లేత ఆకుపచ్చ రంగులు పెట్టాను. తేడా ఏమీ కనిపించలేదు. వారం రోజులు తల పట్టుకున్నాక తమ్ముడు తన ఫోన్ స్క్రీన్‌షాట్ పంపాడు, "అక్కా, నీ నారింజ ఏది?" అని. డార్క్ మోడ్‌లో బ్రౌజర్ రెండు రంగుల్నీ నల్లగా మార్చేసింది. ఊరు మారిందని నేననుకుంటున్నాను, వాళ్లకి ఒకే చీకటి. రంగులు తీసేసి ఫొటోలు పెట్టాను, ఒకటి ఇటుకల గోడ, ఒకటి ఆకులు.

ఒక విషయం చదువుతుంటే మనసుకి పట్టుకుంది. 1959లో సి.డి. విలియమ్స్ రాసిన చిన్న నివేదిక, 21 నెలల పిల్లాడు రాత్రి పడుకోబెట్టి బయటికొస్తే ఏడ్చి గోల చేసేవాడు. తిరిగి గదిలోకి వెళ్లకూడదని పెట్టుకున్నారు. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చాడు, పదోసారికి ఏడుపే లేదు. ఒక వారం తర్వాత పడుకోబెట్టింది అత్తో పిన్నో, అరిచి గునిసేసరికి లోపలికి వెళ్లి నిద్రపోయేదాకా కూర్చుంది. మొత్తం మళ్లీ మొదటికొచ్చింది, రెండోసారి మళ్లీ మాన్పించాల్సి వచ్చింది. ఆవిడ తప్పేం లేదు, పిల్లాడు ఏడుస్తుంటే మన ఇళ్లలో ఎవరు ఆగుతారు. బంకు అతను కూడా అంతే, పాత మనిషి చాన్నాళ్లకి కనిపించాడని ప్రేమగా తీసిచ్చాడు.

మే మొదటి వారం

ఫొటోలతో చేసిన పైలట్‌లో, అంటే అసలు ప్రయోగానికి ముందు చేసే చిన్న ట్రయల్‌లో, పాత గోడ తిరిగి రాగానే నీలం లేస్తోంది. పైలట్ కాబట్టి ఇంతకంటే ఏమీ అనను. ఎంతమంది కావాలి, ఎవరిని లెక్కలోంచి తీస్తాం, బూడిద కంటే నీలం ఎంత ఎక్కువ ఉంటే రెన్యూవల్ అంటాం, ఇవన్నీ డేటా రాకముందే రాసి, తారీఖుతో సహా నమోదు చేసేశాం. సోమవారం మొదటి 9 మంది.

నాన్న కూడా చేస్తానన్నారు. లెక్కలోకి తీసుకోను అని చెప్పి లింక్ పంపాను. అయిపోయాక ఫోన్ చేసి, "గోడ బొమ్మ వచ్చేసరికి నీలం నొక్కాలనిపించిందమ్మా, రావని తెలుసు, అయినా నొక్కాను, నీకు కనిపించిందా?" అన్నారు. కనిపించింది నాన్నా అన్నాను. కాసేపు ఊరుకుని, బస్టాండు వైపు వెళ్లడం మానేశాను, మార్కెట్ దగ్గర తాగుతున్నా టీ అన్నారు. సిగరెట్ సంగతి నేను అడగలేదు.

ఆ వైపు వెళ్లకపోవడం మంచిదే, కానీ ఎన్నాళ్లు? నరసరావుపేటలో ఉండి ఆ బస్టాండుకి వెళ్లకుండా కుదరదు. విరమణ ఒక్క చోట కాకుండా మూడు నాలుగు చోట్ల జరిగితే పాత చోటులో కూడా కొంత నిలబడుతుందా అన్నది ఇంకా తేలని ప్రశ్న, ఎలుకలతో చేసిన పనుల్లో నిలబడిందన్నవీ ఉన్నాయి, లేదన్నవీ ఉన్నాయి. తర్వాతి ప్రయోగం అదే. ఆకుల ఫొటోకి తోడు ఇంకో మూడు కావాలి, ఒకదానితో ఒకటి కలవకూడదు, డార్క్ మోడ్‌లో కూడా విడివిడిగా తెలియాలి. ఈ రాత్రి ఇసుక, నీళ్లు, గడ్డి తీసి తమ్ముడి ఫోన్‌కి పంపాను, వాడు లేచాక చూసి చెప్తానన్నాడు.